డిప్రెషన్ అనే ఒక్క మాట మింగేసినవి

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకూడదు. ముందు వరసలో పిల్లలు నోట్‌బుక్కులు తెరుచుకుని, పెన్నులు పట్టుకుని రెడీగా ఉన్నారు. బయట బోర్డు మీద ‘ఇంగ్లీషులో దుఃఖానికి పేర్లు’ అని రాశారు కదా, బ్యాంకు పరీక్షకో గ్రూప్స్‌కో పనికొచ్చే సినానిమ్స్ చెబుతాననుకుని వచ్చారు. మీ గైడులో ఎలా ఉంటుంది? శాడ్ అంటే సారోఫుల్, గ్లూమీ, మెలంకలీ, డిజెక్టెడ్, డిప్రెస్డ్. అన్నీ ఒకటే, దేనికి టిక్కు పెట్టినా మార్కు వస్తుంది. వస్తుంది, నేను కాదనను. కానీ ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అవి ఒకటి కావు. ఒక్కో మాట ఒక్కో చోట నుంచి వచ్చింది. ఒక్కో మాట వినేవాణ్ణి ఒక్కో పని చేయమంటుంది.

సరే, ఆ గైడులో ఉన్నవన్నీ మీరు వాడతారా? వాడరు. మీరు వాడేది ఒక్కటే. డిప్రెషన్. మ్యాచ్ ఓడిపోతే డిప్రెషన్. ఇంక్రిమెంటు రాకపోతే డిప్రెషన్. తాతగారు పోయారు, డిప్రెషన్. ఆదివారం సాయంత్రం ఊరికే, ఏమీ లేకుండానే డిప్రెషన్. నిజంగా నెలల తరబడి మంచం దిగలేకపోతున్న మనిషి కూడా అదే మాట అంటాడు. మరి వినేవాడికి ఏం తెలియాలి? ఎవరికి ఒక టీ ఇప్పించి పంపేస్తే చాలు, ఎవరి దగ్గరికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాలి? అదీ ఇవాళ నా గొడవ.

కోస్తా వాళ్ళకి డిప్రెషన్ కొత్త మాట కాదు. బంగాళాఖాతంలో ఏటా చూసేదే. పేపర్లో మొదటి రోజు అల్పపీడనం అంటారు, మర్నాటికి వాయుగుండం అంటారు. ఆ వాయుగుండమే ఇంగ్లీషులో డిప్రెషన్. ఆ తర్వాత తీవ్ర వాయుగుండం, ఆ తర్వాత తుపాను. బిజినెస్ పేజీలో అదే డిప్రెషన్ ఆర్థిక మాంద్యం అవుతుంది, ఆరోగ్యం పేజీలో కుంగుబాటు అవుతుంది. మనవాళ్ళు మూడింటికి మూడు మాటలు పెట్టుకున్నారు, ఇంగ్లీషువాడు ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు. లాటిన్‌లో దాని అర్థం కిందికి నొక్కడం, అంతే. దేన్నయినా నొక్కవచ్చు, గాలినీ, ధరల్నీ, మనిషినీ.

డాక్టర్లు ఈ మాటను ఎందుకు ఎంచుకున్నారో తెలుసా? అంతకుముందు వాళ్ళు మెలంకలియా అనేవారు. 20వ శతాబ్దం మొదట్లో అడాల్ఫ్ మేయర్ అనే ఆయన, స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న సైకియాట్రిస్టు, ఆ మాట వద్దన్నాడు. మెలంకలియా అంటే జబ్బుకు కారణం మనకేదో తెలిసినట్టు ఉంటుంది, తెలియదు కదా, డిప్రెషన్ అందాం అన్నాడు. అంటే ఏ అర్థమూ అంటుకోని మాట కావాలని కోరి తెచ్చుకున్నారు. డాక్టరుకు అది సుఖమే. ఆయన దగ్గర లెక్క ఉంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్ ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. అందులో దిగులు గానీ, దేని మీదా ఇష్టం లేకపోవడం గానీ ఒకటి తప్పకుండా ఉండాలి. మన దగ్గర ఆ లెక్క లేదు, మాట మాత్రం వచ్చేసింది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. శాడ్. అన్నిటికన్నా చిన్న మాట, ఎల్‌కేజీ పిల్లలు మొదట నేర్చుకునే మాట. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో శాడ్ అంటే దుఃఖం కాదు. మరేమిటి? కడుపు నిండడం! సాటిస్‌ఫై, శాచురేట్ అనే మాటలున్నాయి చూశారా, ఇది వాటికి చుట్టం. తిన్నాడు, నిండింది, ఇంకా పెట్టారు, ఇక చాలు బాబోయ్ అనిపించింది. దీనికి మన తెలుగులో ఎంత చక్కటి మాట ఉందంటే, మొహం మొత్తడం. అదీ శాడ్. మొహం మొత్తింది, తర్వాత అలసట వచ్చింది, తర్వాత బరువు అనే అర్థం వచ్చింది, తర్వాత గంభీరం, చివరికి దుఃఖం. పాత ఇళ్ళలో పొయ్యి మీద వేడి చేసి బట్టలు ఇస్త్రీ చేసే ముద్ద ఇనప పెట్టెను ఇంగ్లీషులో శాడ్ ఐరన్ అంటారు. అది ఏడవదు, అమ్మా. బరువుగా ఉంటుంది, అందుకని ఆ పేరు.

బరువు అన్నాను కదా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను. గ్రీఫ్. మనిషి పోయినప్పటి దుఃఖం. ఇది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలుచుకున్నాక ఫ్రెంచి మాటలు వచ్చిపడ్డాయి, వాటిలో ఇదొకటి. దీని వెనక లాటిన్‌లో గ్రావిస్ ఉంది. గ్రావిస్ అంటే బరువైనది. గ్రావిటీ అందులోంచే వచ్చింది. ఇక్కడ తెలుగు మాస్టారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మాస్టారూ, ఛందస్సులో బరువుగా పలికే అక్షరాన్ని ఏమంటాం? గురువు. ఆ గురు అనే సంస్కృత పదమూ, ఈ గ్రావిస్ అనే లాటిన్ పదమూ ఒకే మూలం నుంచి వచ్చినవి. భాషాశాస్త్రజ్ఞులకు దీని మీద తగాదా లేదు.

మరి లఘువు? ఆగండి, వస్తున్నాను. లఘు అంటే తేలిక. లాటిన్‌లో దాని జోడు లెవిస్, అదీ తేలికే. ఆ లెవిస్ నుంచి వచ్చిన మాట రిలీఫ్. బరువు దిగి తేలికపడడం. చూడండి మరి, గ్రీఫ్, రిలీఫ్. ఇంగ్లీషులో చెవికి ప్రాసలా వినపడే ఈ రెండూ మన గురువు, లఘువులే. మన పద్యంలో గణాలు కట్టేది ఏ రెండిటితోనో, వాళ్ళ దుఃఖమూ ఊరటా ఆ రెండిటితోనే తయారయ్యాయి. ఇది నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు వీధిలో తిరిగాను. మా ఆవిడ ఏమైంది అని అడిగితే లఘువు దొరికింది అన్నాను.

ఇప్పుడు అసలు పాయింటు. గ్రీఫ్‌కు ఒక కారణం కావాలి. ఎవరో పోవాలి, ఏదో పోవాలి. బస్సు తప్పిపోయిందని గ్రీఫ్ అనరు. పోగొట్టుకున్నవాళ్ళను ఇంగ్లీషులో బిరీవ్డ్ అంటారు, పాత ఇంగ్లీషులో దాని అర్థం దోపిడీకి గురైనవాళ్ళు. అంటే ఇంట్లో దొంగలు పడ్డ మనిషి. ఆ మనిషికి కౌన్సెలింగు వెంటనే అక్కర్లేదు, జబ్బని పేరు పెట్టనక్కర్లేదు. పక్కన కూర్చోవాలి. మన ఇళ్ళలో పదకొండో రోజు దాకా చుట్టాలు వస్తూనే ఉంటారు, వంట వేరేవాళ్ళు చేస్తారు, ఎందుకంటారు? బరువు పంచుకోవడానికే కదా. తండ్రి పోయిన కుర్రాణ్ణి పట్టుకుని ‘డిప్రెషన్‌లో ఉన్నాడు’ అని మనమే అనేస్తే, వాడికి రావలసిన పరామర్శ కాస్తా డాక్టరు ఫోన్ నంబరుగా మారిపోతుంది. నెలలు గడిచినా తేరుకోకపోతే అప్పుడు డాక్టరు సంగతి. మొదటి రోజే కాదు.

మెలంకలీకి వద్దాం. గ్రీకు మాట, నల్ల పిత్తం అని అర్థం. మనకు వాత పిత్త కఫాలు మూడైతే వాళ్ళకు నాలుగు. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. నల్ల పిత్తం ముదిరితే మనిషి దిగులుపడతాడని హిప్పోక్రటీస్ కాలం నుంచి నమ్మారు. ఒంట్లో అసలు నల్ల పిత్తం అనేదే లేదు, అది వేరే సంగతి. ఇక్కడ తమాషా ఏమిటంటే, పిత్తం మన భాషలోనూ మనసుదాకా ఎక్కింది. కానీ ఏమైంది? పైత్యం అయింది! వాడిదంతా పైత్యం అంటాం. వాళ్ళ పిత్తం ముదిరితే కవి అవుతాడు, మన పిత్తం ముదిరితే వెర్రివాడవుతాడు.

కవి అని ఊరికే అనలేదు. మెలంకలీకి యూరప్‌లో హోదా ఉండేది. గొప్పవాళ్ళంతా ఈ ధాతువు ఎక్కువున్నవాళ్ళే ఎందుకయ్యారు అని అరిస్టాటిల్ పేరు మీద చెలామణీ అయ్యే పాత గ్రంథంలో ఒక ప్రశ్న ఉంది. రాబర్ట్ బర్టన్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు 1621లో మెలంకలీ మీద ఒక మహాగ్రంథం అచ్చువేశాడు, 1640లో చనిపోయేదాకా దాన్ని పెంచుతూనే ఉన్నాడు. ఎందుకు రాస్తున్నావయ్యా అంటే, మెలంకలీ రాకుండా పనిలో ఉండటానికి మెలంకలీ గురించే రాస్తున్నాను అన్నాడు ఆ మహానుభావుడు. కాబట్టి మెలంకలీలో ఉన్నవాడికి మీ సాయం పెద్దగా అక్కర్లేదు. కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తుంటాడు, చూడనివ్వండి.

చిన్నవి రెండు త్వరగా చెప్పేసి ముందుకు పోతాను. డిజ్మల్ అంటే లాటిన్‌లో చెడ్డ రోజులు. మధ్యయుగాల క్యాలెండర్లలో నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 రోజులు అశుభమని రాసేవారు. మన వర్జ్యం, అమావాస్య పట్టింపుల లాంటిదే. జనం అసలు అర్థం మరిచిపోయి ‘డిజ్మల్ డేస్’ అనడం మొదలుపెట్టారు. మనం నడి సెంటరు అంటామే, అలా. రెండోది డిసప్పాయింట్‌మెంట్. అపాయింట్‌మెంట్ ముందు డిస్ చేరింది, అంతే. మొదట్లో దాని అర్థం ఇచ్చిన ఉద్యోగం లాగేసుకోవడం. నోటిఫికేషన్ రద్దయిన పిల్లలు ఇక్కడ ఉంటే ఈ మాట మీకు రాసిచ్చేస్తున్నాను, ఇంతకన్నా సరైన వాడుక ఉండదు.

ఇప్పుడు చెప్పబోయే మాట మీ గైడులో ఉండదు. ఇంగ్లీషులో కూడా దాదాపు చచ్చిపోయింది. అసీడియా. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో క్రైస్తవ సన్యాసులు ఒంటరిగా గుడిసెల్లో ఉండేవారు. వాళ్ళలో ఎవాగ్రియస్ అనే ఆయన మనసును పట్టే పిశాచాల గురించి రాస్తూ, అన్నిటికన్నా చెడ్డది ఇదీ అన్నాడు. ఎప్పుడు వస్తుందట? అర్ధరాత్రి కాదు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. సూర్యుడు కదలనట్టు ఉంటుంది. రోజుకు యాభై గంటలున్నట్టు ఉంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి తొంగి చూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని. ఈ చోటు మీద అసహ్యం, చేసే పని మీద అసహ్యం, నన్నెవరూ పట్టించుకోవడం లేదనే బాధ. ఇంకో ఊరికి పోతే బాగుండుననే ఆలోచన. ఎక్కడో విన్నట్టు లేదూ? వర్క్ ఫ్రమ్ హోమ్ పిల్లలు నవ్వుతున్నారు, నాకు కనపడుతోంది. కిటికీ బదులు ఫోను, అంతే తేడా.

ఇది దుఃఖం కాదు, గమనించండి. ఎవరూ పోలేదు. ఏడుపు రాదు. పట్టింపు పోయింది. గ్రీకులో ఆ మాటకు అర్థం పట్టింపు లేకపోవడమే. తర్వాతి శతాబ్దాల్లో చర్చి దీన్ని సోమరితనం కింద జమకట్టేసింది. ఇక ఆ బాధకు పేరు లేకుండా పోయింది, తిట్టు మిగిలింది. మనవాడు కూడా అంతే కదా, పని చేయబుద్ధి కావడం లేదు అని కొడుకు అంటే బద్ధకం అంటాడు.

మనకు దీనికి సరైన మాట ఉంది. పేపర్లవాళ్ళు పాడుచేశారు. ‘నిరాశా నిస్పృహలు’ అని జంటగా రాస్తారు, రెండూ ఒకటే అన్నట్టు. కావు. ఆశ పోతే నిరాశ. స్పృహ అంటే ఇక్కడ కోరిక, అది పోతే నిస్పృహ. అసీడియా అంటే నిస్పృహ. గీతలో ఈ నిస్పృహుడే శాంతి పొందిన మనిషి, అది చాలా పెద్ద గుణం. ఎడారి సన్యాసికి అదే పిశాచం. ఈ వైరుధ్యం మీద వేదాంతం తెలిసినవాళ్ళు ఎవరైనా మాట్లాడితే వినాలని ఉంది, నా వల్ల కాదు.

ఇక నిరాశ. ఇంగ్లీషులో డిస్పెయిర్. లాటిన్‌లో స్పెరారే అంటే ఆశించడం, దానికి డి చేర్చారు, ఆశ దిగిపోయింది. డెస్పరేట్ కూడా ఇందులోదే. మిగతా మాటలన్నిటికీ దీనికీ ఒక తేడా ఉంది. మిగతావన్నీ అయిపోయినదాని గురించో, ఇప్పుడున్నదాని గురించో. ఇది రాబోయేదాని గురించి. రేపు కూడా ఇంతే అనేదే డిస్పెయిర్.

క్రైస్తవంలో దుఃఖం పాపం కాదు. డిస్పెయిర్ పాపం. ఎందుకు? నా తప్పు దేవుడి దయ కన్నా పెద్దది అనుకోవడం అందులో ఉంది కాబట్టి. ఏసును పట్టించిన యూదా చేసిన ద్రోహం కన్నా, క్షమ దొరకదనుకుని ఉరి వేసుకోవడమే పెద్ద పాపమని చెప్పిన మతపండితులున్నారు. ఆ ఆలోచన చట్టంలోకి కూడా ఎక్కింది. ఇంగ్లండులో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళను శ్మశానంలో కాకుండా నాలుగు రోడ్ల కూడలిలో పాతిపెట్టేవారు. 1823లో చట్టం చేసి అది ఆపారు. ఆత్మహత్య నేరం కాకుండా పోయింది 1961లో. కమిట్ అనే క్రియ మాత్రం మిగిలింది. కమిట్ మర్డర్, కమిట్ థెఫ్ట్, కమిట్ సూసైడ్. ఇప్పుడు అక్కడి పత్రికలు ఆ మాట మానేస్తున్నాయి.

మరి మనం? ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తాం. ఇంకా దేనికి పాల్పడతారు తెలుగులో? చోరీకి పాల్పడతారు. మోసానికి పాల్పడతారు. ఒక్క మంచి పనికి పాల్పడినవాణ్ణి చూపించండి నాకు. మన దేశంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం ఆదుకోవాలి అంటోంది. చట్టం మారింది, క్రియ మారలేదు. ఇక్కడ విలేకరులు ఎవరైనా ఉంటే దయచేసి ఆలోచించండి.

మధ్యలో ఒక పిట్టకథ. ఫోర్లార్న్ హోప్ అనే మాట విన్నారా? అడుగంటిన ఆశ అనుకుంటాం. అందులో ఆశే లేదు! అది డచ్చి మాట. హోప్ అని మనకు వినపడేది అక్కడ గుంపు, దండు. పోయిన దండు అని అర్థం. కోటగోడ బద్దలయ్యాక ముందుగా లోపలికి దూకే సైనికుల జట్టుకు ఆ పేరు. తిరిగి వస్తారని ఎవరూ అనుకోరు. 1799 మే 4న ఇంగ్లీషువాళ్ళ సైన్యం టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కోట మీదికి ఎక్కినప్పుడు ముందు నడిచింది కూడా ఇలాంటి జట్లే. డచ్చివాడి దండును ఇంగ్లీషువాడి చెవి ఆశగా మార్చుకుంది. మనిషి చెవి ఎంత ఆశపోతో చూడండి.

సరే, అసలు దానికి వస్తాను. డిస్పెయిర్‌ను వేరుగా ఎందుకు వినాలి? ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1974లో తన సహచరులతో కలిసి నిరాశను కొలిచే ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. ఇరవై వాక్యాలు, ఒక్కోదానికీ అవునో కాదో చెప్పాలి. అన్నీ రేపటి గురించే. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1985లో ఫలితం ప్రకటించారు. ఎవరు చివరికి ప్రాణం తీసుకుంటారన్నది డిప్రెషన్ ఎంత ఉందన్నదాని కన్నా, నిరాశ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఎక్కువగా తెలిసింది. ఎంత ఏడుస్తున్నాడన్నది కాదు, రేపు అనేది ఉందనుకుంటున్నాడా లేదా అన్నది.

అందుకే అంటున్నాను. మీ స్నేహితుడు డిప్రెషన్ అన్నాడనుకోండి. ఆ మాట దగ్గర ఆగకండి. ఏం పోయింది అని అడగండి. దేని మీదా ఇష్టం లేదా అని అడగండి. వచ్చే నెల ఏం చేద్దామనుకుంటున్నావు అని అడగండి. మూడోదానికి జవాబు రాకపోతే, ‘వచ్చే నెలా, దేనికిలే’ అంటే, అతన్ని వదిలి ఇంటికి వెళ్ళకండి. చచ్చిపోవాలని ఉందా అని నేరుగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అలా జరగదు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. ఈ ఒక్కటీ మాత్రం నోట్‌బుక్కులో రాసుకోండి, పిల్లలూ.

బెంగ సంగతి చెప్పలేదు, వాచీ చూసుకుంటున్నారు అందరూ. ఒక్క నిమిషం. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ యూనివర్సిటీలో జోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇల్లు వదిలి దూరం వెళ్ళినవాళ్ళు చిక్కిపోయి జ్వరాలు తెచ్చుకుంటున్నారని థీసిస్ రాశాడు. గ్రీకులో తిరిగి ఇంటికి రావడం, నొప్పి అనే రెండు మాటలు కలిపి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. మందు? ఇంటికి పంపేయడమే. హాస్టల్లో దింపివచ్చిన పిల్లకి బెంగతో జ్వరం వచ్చిందని మన అమ్మమ్మలు చెప్పేదానికి అది లాటిన్‌లో రాసిన థీసిస్. ఇప్పుడేమో పాత సినిమా పాటలు వింటే నోస్టాల్జియా అంటున్నారు. జబ్బు పోయి సరదా అయింది. ఒక్కో మాట ఇలా కోలుకుంటుంది కూడా.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ వెనకాల అమ్మాయి. ఏమ్మా? ‘మా ఆఫీసులో అమెరికన్ కొలీగ్ వాళ్ళ నాన్నగారు పోయారు, సారీ ఫర్ యువర్ లాస్ అని పెడితే మరీ పైపైన అన్నట్టు ఉంటుందా, సారో అనే మాట వాడాలా’ అని అడుగుతోంది. మంచి ప్రశ్న. సారీ, సారో అక్కచెల్లెళ్ళలా కనపడతాయి కానీ పుట్టుక వేరు. సారో అంటే మొదట్నుంచీ దిగులు, చింత. సారీ పుట్టింది సోర్ అనే మాటలోంచి, పుండు, సలపరం. నీ సంగతి విని నాకూ సలుపుతోంది అని అర్థం. కాబట్టి సారీ తక్కువ మాటేమీ కాదు, నిశ్చింతగా రాయి. ఆర్ఐపీ అని మూడక్షరాలు మాత్రం పెట్టకు. ఆయన పేరు తెలిస్తే పేరు రాయి. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అని రాయకు, దుఃఖంలో ఉన్నవాళ్ళు అడగరు. శుక్రవారం నీ కాల్స్ నేను చూసుకుంటాను అని రాయి. రాశాక శుక్రవారం నిజంగా చూసుకో.